ఖాళీ గళ్లు

ఏప్రిల్ 27, 2025, ఆదివారం

నేను పాఠాలు చెప్పబోయే వేసవి ఆన్‌లైన్ క్యాంపు పోస్టర్ పంపారు. నాలుగు వారాల్లో మీ పిల్లలు డేటా సైంటిస్టులు, అని పెద్దక్షరాల్లో. ఆ ముక్క తీసేయమని ఫోన్ చేశాను. "అది లేకపోతే ఎవరు చేరతారు మేడమ్?" అన్నాడు కోఆర్డినేటర్. అతని ఇబ్బంది అతనిది. చివరికి తీశాడు. ఏఐ అన్న మాట మాత్రం ఉంచాడు.

ఆరో తరగతి పిల్లకి సగటుకీ మధ్యగతానికీ తేడా తెలిస్తే చాలు నాకు. ఒక అంకె కనబడగానే "ఇది ఎవరు కొలిచారు?" అని అడగడం వస్తే మరీ మంచిది. డిగ్రీ మూడో ఏడు పిల్లల్లోనే ఆ ప్రశ్న వేసేవాళ్ళు అరుదు. పదమూడేళ్ళకే అలవాటైతే...

రెండు బ్యాచ్‌లు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పొద్దున్న ఏడింటికి. తొమ్మిది నుంచి పన్నెండుకి ఎనిమిదిన్నరకి. ఏడింటికైతే ఎండ ముదరదు, కరెంటూ ఉంటుంది. టెక్సాస్ నుంచి ఒక పిల్లాడు చేరాడు. వాడికది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర.

అమ్మ అడిగింది: "సెలవులు నీకూ ఉన్నాయి, వాళ్ళకీ ఉన్నాయి. ఒక్కళ్ళూ వాడుకోరేమే?"

ఏప్రిల్ 30, బుధవారం

ఐదు సీట్లు ఫీజు లేకుండా ఇప్పించాను. గుంటూరు దగ్గర జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారు నా పాత విద్యార్థే. పేర్లు అతనే పంపాడు, ఫారాలూ తనే నింపించాడు. ల్యాప్‌టాప్ ఉందా? లేదు, లేదు, లేదు, లేదు, లేదు. ఫోన్? నాన్నది. అమ్మది. అన్నయ్యది. నాన్నది. ఐదో ఫారంలో ఆ గడి పక్కన పెన్సిల్‌తో రాసుంది: "నాన్నది, రాత్రి పూట ఉంటది."

క్లాసేమో పొద్దున్న. చూడాలి.

మే 5, సోమవారం

మొదటి రోజు. తెర నిండా చిన్న చిన్న మొహాలు. వెనకాల తిరిగే ఫ్యాన్లు, బీరువాలు, ఒక ఇంట్లో నవారు మంచం మీద ఆరబోసిన మామిడి ముక్కలు. పేర్లు పట్టుబడటానికి టైం పడుతుంది. అందాకా ఊళ్ళ పేర్లే. గుడివాడ, నూజివీడు, కరీంనగర్, టెక్సాస్‌లో ఫ్రిస్కో, గుంటూరు. గుంటూరు పిల్ల పేరు ఉండాల్సిన చోట ఫోన్ కంపెనీ పేరు వచ్చింది. ఎనిమిదో తరగతి అయిపోయిందట. జడ వెనక్కి విసిరి, "వినబడతందా మేడమ్?" అని మూడుసార్లు అడిగింది. ఏడున్నరకల్లా మాయమైంది.

అయ్యాక ఒక తండ్రి లైన్లో ఆగాడు. ఇది ఐఐటీ ఫౌండేషన్‌కి పనికొస్తుందా అని. ఫ్రిస్కో తల్లి మెసేజ్ పెట్టింది. ప్రాజెక్టుని కాలేజీ అప్లికేషన్‌లో చూపించుకోవచ్చా అని. సముద్రానికి ఇటూ అటూ భయం ఒకటే. తప్పుపట్టబుద్ధి కాలేదు.

మే 6, మంగళవారం

పెంగ్విన్లు. అంటార్కిటికా దగ్గర మూడు దీవుల మీద కొలిచినవి, 344. ముక్కు పొడవు, రెక్క పొడవు, బరువు. కోడాప్ అనే డేటా బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రెక్క పొడవుని అడ్డగీత మీదికి లాగగానే చుక్కలన్నీ కదిలొచ్చి వేటి చోట అవి నిలబడ్డాయి. పిల్లలంతా ఒక్కసారి "హే" అన్నారు. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద సుద్దతో హిస్టోగ్రామ్‌లు గీశాను. ఆ అరుపు ఎప్పుడూ వినలేదు.

రెండు పెంగ్విన్లకి కొలతలే లేవు. జాతి ఉంది, దీవి ఉంది, తక్కిన గళ్లు ఖాళీ. గుంటూరు పిల్ల మైకు తెరిచింది. "పట్టుకునేలోపు పారిపోయినయ్యా మేడమ్?"

ఆ ప్రశ్న అందరినీ పుస్తకంలో రాసుకోమన్నాను.

పెద్ద బ్యాచ్‌కి పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ. డ్రాప్‌నా అని ఒక్క మాట కొడితే 344 కాస్తా 333. ఏదో ఒక గడి ఖాళీగా ఉన్న పాపానికి పదకొండు పక్షులు పోయాయి. "ఎర్రర్ పోయింది మేడమ్!" అని సంబరం. పోయింది ఎర్రరేనా?

మే 7, బుధవారం

పెద్ద బ్యాచ్‌లో ఫోన్ మీద కోడ్ రాసేవాళ్ళు ఇద్దరు. కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దక్షరం చేసేస్తుంది. పిల్లాడు చిన్న పి కొడితే పెద్ద పి పడుతుంది. పైథాన్‌కి అది వేరే మాట. తెర నిండా ఎర్ర అక్షరాలు. తనదేం తప్పో పిల్లాడికి తెలియదు. బ్రాకెట్ కోసం ఒక కీబోర్డు, కోట్ గుర్తు కోసం మరొకటి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు రెండు నిమిషాల్లో దాటిన చోట వీళ్ళకి అరగంట. బుర్ర తక్కువై కాదు.

రేపట్నుంచి వాళ్ళకి కోడ్ నేనే టైప్ చేసి పెడతాను. వాళ్ళు అంకెలు మార్చి ఏమవుతుందో చూడాలి. పెద్దక్షరాల గొడవలో అసలు లెక్క మీద ఇష్టం చచ్చిపోకూడదు.

మే 9, శుక్రవారం

నిన్నటి ఎండ ఎంతో రాయమన్నాను. అందరికీ ఒకటే షీటు. ఇళ్ళలో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరే కాబట్టి ఫోన్లో చూసి రాశారు. 38, 39, 37, 40, 38, 91.

సగటు 47 దాటింది. "మనమంతా ఉడికిపోయాం" అని గుడివాడ వాడు. మధ్యగతం 38.5. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత నూజివీడు పిల్ల, "91 అబద్ధం కాదు మేడమ్, ఫారెన్‌హీట్" అంది. ఫ్రిస్కో వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. నీ తప్పేం లేదురా, పైన ఏ డిగ్రీలో ఎవరూ రాయలేదు కదా అన్నాను. 91 అంటే 33. మన 38 కన్నా చల్లనే.

తేదీలదీ అదే కథ. వాడు 5/8 అని రాశాడు. మిగతావాళ్ళు 8/5. వరసలో పెడితే వాడొక్కడూ ఆగస్టులోకి పోయాడు.

ఇవాళ్టి పాఠం నేను అనుకున్నది కాదు. దీన్ని మించిన పాఠం నా దగ్గర లేదు.

మే 11, ఆదివారం

వంటింట్లో క్యాలెండర్. అమ్మ పాల లెక్క. అర లీటరుకి ఒక గీత, లీటరైతే రెండు. కొన్ని తేదీల్లో సున్నా చుట్టి ఉంది. కొన్ని ఖాళీ.

"సున్నా ఏంటమ్మా?"

"పాలబ్బాయి రాలేదని."

"మరి ఈ ఖాళీ?"

"మనం అన్నవరం వెళ్ళాం కదే ఆ రోజు. వచ్చాడో రాలేదో నాకేం తెలుసు? చూడంది ఎలా రాస్తాను?"

గిన్నె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. సున్నా వేరు, ఖాళీ వేరు. ఎమ్మెస్సీ పిల్లలకి ఈ సంగతి చెప్పడానికి ఎంత గుంజాటన పడతానో. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది.

రేపు పిల్లలకి ఒకటే పని. ఇంట్లో ఎవరో ఏదో రాసి పెట్టే ఉంటారు. వెతకండి.

మే 13, మంగళవారం

పొద్దున్నుంచి ఫోటోలు వస్తూనే ఉన్నాయి. చీటీల పుస్తకం. చాకలి పద్దు. గ్యాస్ బండ మార్చిన తేదీలు, వంటింటి తలుపు వెనక బాల్ పెన్‌తో. కౌలు పొలంలో కూలీల లెక్క, నోటుబుక్కు చివరి పేజీల నుంచి ముందుకి. గుమ్మం చట్రం మీద అన్నాచెల్లెళ్ళ ఎత్తు గీతలు, ఒక్కో గీత పక్కన సంక్రాంతి ఏ ఏడో. ఆ గీతలు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. రెండేళ్ళు అన్న గీతలు లేవు. హాస్టల్లో ఉన్నాడట.

ఫ్రిస్కో వాడు ముందు "మా ఇంట్లో ఏమీ లేదు, అన్నీ యాప్‌లోనే" అన్నాడు. రాత్రి మళ్ళీ మెసేజ్. అమ్మమ్మ వచ్చి ఉంది, ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా ఎవరికో, ఎంతసేపో చిన్న డైరీలో తెలుగులో రాసుకుంటుంది. వాడికి తెలుగు చదవడం రాదు. అమ్మమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క లైనూ చదివిస్తోందట.

కరీంనగర్ వాడు: ఏమీ దొరకలేదు మేడం.

గుంటూరు పిల్ల రాత్రి తొమ్మిదికి వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనక కుక్కర్ కూత. "అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడాలు తీస్తది మేడమ్. కిలోకింతని ఇస్తారు. మేస్త్రీ రాసుకుంటాడు. మా ఇంట్లో ఎవరూ ఏం రాయరు."

నువ్వు రాస్తావా అని అడిగాను. "ఏం రాయాలి?" అంది. రోజూ అమ్మ వచ్చాక అడిగి, ఎన్ని కిలోలో రాయి చాలు అన్నాను.

మే 15, గురువారం

ఇవాళ చిన్న బ్యాచ్ గంట దాటిపోయింది. పెద్ద బ్యాచ్ వాళ్ళు లైన్లోకి వచ్చి, వెళ్ళకుండా వింటూ కూర్చున్నారు.

గుడివాడ వాడు సాయంత్రం ఆరింటికి మేడ మీద నిలబడి పది నిమిషాలు బండ్లు లెక్కపెట్టాడు. హెల్మెట్ ఉందా, లేదా. రెండే గళ్లు, తేలికైన పని. లెక్క చదవబోయి ఆగాడు. "మేడమ్, ఒక బండి మీద ముగ్గురున్నారు. నడిపే ఆయనకే హెల్మెట్. ఉన్నట్టా లేనట్టా?"

ఉన్నట్టే అని సగం మంది. లేనట్టే అని సగం మంది. నూజివీడు పిల్ల: "బండ్లెందుకు, తలలు లెక్కపెట్టు. మూడు తలలు, ఒక హెల్మెట్." మరి చంకలో పాప? ట్యాంకు మీద కూర్చున్న పిల్లాడు? హెల్మెట్ చేతికి తగిలించుకుని నడిపేవాడు? అద్దానికి వేలాడదీసినవాడు? "మా మావయ్య పోలీసుని చూసి పెట్టుకుంటాడు, సందు తిరిగాక తీసేస్తాడు. ఆయన్ని ఎందులో వేయాలి?" ఎవరిదో గొంతు.

ఫ్రిస్కో వాడు ఒక బండి మీద ముగ్గురు ఎందుకు ఎక్కుతారు అన్నాడు. గుడివాడ వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. బస్సు లేదు కాబట్టి అన్నాడు.

నేను నోరు మెదపలేదు. గొడవ ముదిరింది. ఏడున్నర కావస్తుంటే చాట్‌లో గుంటూరు నుంచి ఒక లైను: "బండి కావాలా మనిషి కావాలా ముందు చెప్పండి." పంపి, ఎప్పట్లాగే మాయం.

అంతే కదా. ఒక వరస అంటే బండా, మనిషా? అది తేలకుండా ఎన్ని రంగుల బొమ్మలు గీసినా ఏం లాభం? చివరికి వాళ్ళే తేల్చుకున్నారు. ఒక మనిషికి ఒక వరస. నడిపేవాళ్ళా, వెనకవాళ్ళా, పిల్లలా అని ఇంకో గడి. హెల్మెట్‌కి మూడు సమాధానాలు: తల మీద, బండి మీద, లేదు. రేపు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతాడట. తిట్టుకోకుండా ఒప్పుకున్నాడు.

ఇవాళంతా గాల్లో తేలినట్టుంది నాకు. ముప్ఫై మందిని ఒక గదిలో కూర్చోబెట్టినా ఇలాంటి క్లాసు దొరకదు ఒక్కోసారి.

మే 16, శుక్రవారం

హాజరు షీటు వచ్చింది. వస్తే 1, రాకపోతే 0. గుంటూరు వరసలో ఎక్కువ సున్నాలే. అరగంట ఉన్నా, గంట ఉండలేదు గనక సున్నా.

మాస్టారికి ఫోన్ చేశాను. "వాళ్ళ నాన్నది ఆటో మేడమ్. ఏడున్నరకి బండి తీస్తాడు. ఫోన్ ఆయనతోనే పోతుంది. తిరిగొచ్చేది రాత్రి ఎనిమిదికి."

రేపట్నుంచి రాత్రి ఎనిమిదిన్నరకి ఆ ఐదుగురికీ మళ్ళీ చెప్తాను. కోఆర్డినేటర్‌తో అన్నాను. "మీ ఇష్టం మేడమ్, కానీ షీటులో ఆ టైముకి కాలమ్ లేదు."

మే 19, సోమవారం

పెద్ద బ్యాచ్. భద్రాచలం దగ్గర గోదావరి ఏటేటా ఎక్కిన గరిష్ఠ నీటిమట్టం. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ మూడు గీతలూ అడ్డంగా గీయించాను. 1986 దగ్గర 75.6. 2022 దగ్గర 71.3.

"ఆ రెండూ తీసేద్దాం మేడమ్. ఔట్‌లయర్లు. లైను నీట్‌గా వస్తుంది." పదకొండో తరగతి కుర్రాడు. ఏదో వీడియోలో చూశాడట. సూత్రం కూడా చెప్పాడు, తప్పేమీ లేదు అందులో.

1986 ఆగస్టులో నేను రెండో తరగతి. గోదావరి లంకలో అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాం. రాత్రికి రాత్రి గట్టెక్కాం. గోనెపట్టాల కింద పడుకున్నాం. తెల్లారాక చూస్తే పాక లేదు, దూడ లేదు. తాతయ్య ఒక్క మాటా మాట్లాడకుండా నీళ్ళవైపే చూస్తూ కూర్చున్నాడు.

అదంతా చెప్పాను. చెప్పకూడదనుకుని కూడా చెప్పాను. గట్టు ఎంత ఎత్తు కట్టాలో తేలేది ఆ చుక్క వల్లే బాబూ అన్నాను. చుక్క ఉంచారు. లైను వంకర వచ్చింది. రానీ.

మే 20, మంగళవారం

కరీంనగర్ వాడి ప్రాజెక్టు. వర్షపాతం, పత్తి దిగుబడి. పదిహేనేళ్ళ లెక్క, ఒక్క గడి ఖాళీ లేదు. వాన పెరిగిన ప్రతి ఏడూ దిగుబడి పెరిగింది. ఒక్కసారి కూడా తప్పలేదు. వాన ఎక్కువైతే పత్తి ఏమవుతుందో ఆ జిల్లాలో ఏ రైతుని అడిగినా చెప్తాడు.

అందరూ వెళ్ళాక అడిగాను. "ఈ అంకెలు ఎవరు కొలిచారు నాన్నా?"

చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. "ఏఐ ఇచ్చింది మేడం."

కోప్పడలేదు. పదో తరగతిలోకి వెళ్ళే పిల్లాడు. అడిగితే ఇచ్చే యంత్రం చేతిలో ఉంది, అడిగాడు. కానీ ఎవరూ చూడని వాన, ఎవరూ తూయని పత్తి. అవి అంకెలెలా అవుతాయి? ఇంట్లో మళ్ళీ వెతుకు, వారం టైం తీసుకో అన్నాను.

రాత్రి క్లాసుకి గుంటూరు పిల్ల రాలేదు.

మే 21, బుధవారం

ఇవాళా రాలేదు. పదింటికి మెసేజ్ మాత్రం: "చేతులు మంటగా ఉన్నయ్ మేడమ్. రేపు రాస్తా."

చేతులకేమైంది? అడిగితే జవాబు లేదు. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి ఉంటారు.

పొద్దున్న క్లాసులో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి సంగతి చెప్పాను. నూజివీడులోనూ చదువుకున్నారని తెలిసి నూజివీడు పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుంది. రావు గారి అమ్మ ఆయన్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదివించేదట. ఒక పుస్తకం ఆవిడకే అంకితమిచ్చారు. పాతికేళ్ళు నిండేనాటికే, 1945లో, ఇవాళ్టికీ ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునే పేపర్ రాశారు. 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి. ఈ పిల్లల్లో ఆయన పేరు ముందు విన్నవాళ్ళు ఇద్దరే. ఎంత బాధేసిందో.

మే 24, శనివారం

కేరళకి నైరుతి వచ్చేసిందని వార్త. మామూలుగా జూన్ 1. 2009 తర్వాత ఇంత తొందరగా ఇదే.

పిల్లలు మే నెల ఎండల మీద గీత గీసి, నెలాఖరుకి ఎంతుంటుందో రాసి పెట్టారు. గీత పైకే వెళ్తోంది. ఎక్కువమంది నలభై మూడు, నలభై నాలుగు అని రాశారు. అంకె వేయనిది ఒక్కరే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంది మా నాయనమ్మ, అని ఒకడు 46.

అంకె వేయని ఆ ఒక్కరు గుంటూరు పిల్ల. పోయిన వారమే రాసింది: "మబ్బు పడితే తగ్గుద్ది. ఎప్పుడు పడుద్దో నాకు తెలవదు."

మే 26, సోమవారం

రోహిణి కార్తె మొదలై రెండో రోజు. వాన. మన రాయలసీమలోకీ, అటు ముంబైలోకీ ఇవాళే రుతుపవనాలు. క్లాసులో అందరి వెనకా చప్పుడే. "మన గీత తప్పు మేడమ్" అన్నారు దిగులుగా. తప్పు కాదు. చూసినంత వరకు నిజమే చెప్పింది. ఎక్కడ ఆగాలో గీతకి తెలీదు, గీసినవాళ్ళు తెలుసుకోవాలి.

కరీంనగర్ వాడు దొరకబుచ్చుకున్నాడు. "మా తాత రాస్తడు మేడం. పొద్దుగాల లేవంగనే షుగర్ చూసుకుని." చిన్న అట్ట పుస్తకం, నాలుగేళ్ళది. తాతని అడిగావా, ఆయన ఒప్పుకున్నాడా అన్నాను. అడిగి వస్తానని వెళ్ళాడు. పేరు రాయకపోతే సరే అన్నాడట. రెండు ఖాళీల గురించి కూడా అడిగొచ్చాడు. "పెండ్లిళ్ళకు పోయొచ్చిన దినాలు రాయలే మేడం. ఎక్కువొస్తదని చూసుకోలేదంట. నవ్విండు."

ఇంతకన్నా ఏం చెప్పను ఖాళీ గడి గురించి? తాత చెప్పేశాడు.

మే 28, బుధవారం

గుంటూరు నుంచి ఫోటోలు. ఎన్నో రోజుల తర్వాత. కోడాప్ ఫోన్లో సరిగా తెరుచుకోదు కాబట్టి డ్రాయింగ్ షీటు మీదే చేసింది. అడ్డంగా తేదీలు. ఒక్కో తేదీ పైన బొట్టుబిళ్లలు, ఐదు కిలోలకి ఒకటి. ఎర్రవి. స్కేలు పెట్టి గళ్లు గీసింది, ఒక్క గడి అటూ ఇటూ కాలేదు. కింద మూల రాసింది: కొలిచింది మేస్త్రీ, అడిగింది నేను, చెప్పింది అమ్మ.

ఈ ఒక్క లైను కోసం మా కాలేజీలో ఎన్ని థీసిస్‌లు వెనక్కి పంపాను.

మే 31, శనివారం

ప్రాజెక్టుల రోజు. తల్లిదండ్రులు కూడా వచ్చారు. గుడివాడ వాడి లెక్కలో శనివారాలు హెల్మెట్లు ఎక్కువ. సెంటర్లో పోలీసు నిలబడేది ఆ రోజేనని వాడే కనిపెట్టాడు. ఫ్రిస్కో వాడి బొమ్మలో పొడుగు గీత అమ్మమ్మ చెల్లెలిది. చూపిస్తుంటే వెనక అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది.

గుంటూరు పిల్ల ఆఖర్న. వాళ్ళ నాన్న ఆటో తీయకుండా ఆగాడు. షీటు కెమెరాకి దగ్గరగా పట్టుకుంది. మామూలు రోజుల్లో నాలుగో ఐదో బిళ్లలు. నాలుగు రోజులు మాత్రం ఏడేసి. 20, 21, 22, 23.

"ఆ రోజులు ఎందుకు ఎక్కువ?" నూజివీడు పిల్ల అడిగింది. నెల రోజులుగా నేను నేర్పిన ప్రశ్నే.

"ఆ రోజులు నేను కూడా పోయినా."

మామూలుగా చెప్పింది. దాచడానికేం ఉందన్నట్టు. అమ్మ లెక్కలో తనవీ కలిపారట, అందుకని ఆ నాలుగు రోజులూ సగటులో కలపలేదట. "అమ్మ ఒక్కత్తి ఎంత తీస్తదో తెలియాలి గదా మేడమ్. నావి కలిపితే తప్పొస్తది."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత నా పుస్తకం తెరిచాను. రాత్రి క్లాసు హాజరు నేను చేత్తో రాసుకున్నది. 20, 21, 22, 23. ఖాళీ, ఖాళీ, ఖాళీ, ఖాళీ.

21వ తేదీ మెసేజ్ మళ్ళీ తీసి చూశాను. చేతులు మంటగా ఉన్నయ్ మేడమ్.

జూన్ 1, ఆదివారం

నిద్ర లేదు. పొద్దున్నే మాస్టారు వాళ్ళింటికి వెళ్ళి వచ్చి ఫోన్ చేశాడు. తల్లి ఏమందంటే: "ఆయన ఆటోకి పోతే, ఇంట్లో ఒక్కదాన్నే ఎట్టా వదిలేసేది సారూ? కూడా తీసకపోయినా. ఊరికే కూర్చోదు గదా."

ఏమనాలి? పదమూడేళ్ళ పిల్ల మిరప ఘాటులో. అది వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తల్లి మాట కూడా అబద్ధం కాదు. సెలవుల్లో పిల్లని ఎక్కడ ఉంచాలి? బడికి తాళం.

పిల్ల షీటు వాళ్ళమ్మ గోడకి అంటించుకుందట. ఇప్పుడు తనే రాత్రిపూట కిలోలు చెప్తోందట, అడగకముందే.

జూన్ 3, మంగళవారం

సర్టిఫికెట్ల జాబితా. 75 శాతం హాజరు ఉన్నవాళ్ళకే. గుంటూరు ఐదుగురిలో ఒక్కరే ఉన్నారు, ఆ పిల్ల కాదు. అభిప్రాయాల ఫారం సారాంశం కూడా పంపారు. అన్నీ ఐదు నక్షత్రాలు. నింపినవాళ్ళు చివరిదాకా ఉన్నవాళ్ళు. మధ్యలో ఆగిపోయినవాళ్ళకి ఆ ఫారమే వెళ్ళలేదు.

కోఆర్డినేటర్‌తో చాలాసేపు మాట్లాడాను. చెడ్డవాడు కాదు. "రూలు లేకపోతే ఎలా మేడమ్? రానివాళ్ళకి ఇస్తే వచ్చినవాళ్ళు ఊరుకుంటారా?" రాత్రి క్లాసు హాజరు పంపాను. ప్రాజెక్టు ఫోటో పంపాను. రానిదానికి సున్నా వేశారు, మనం చూడనిదానికి కూడా సున్నాయే వేశారు, రెండూ ఒకటి కాదు అన్నాను. అమ్మ క్యాలెండర్ సంగతి కూడా చెప్పాను. అటువైపు కాసేపు ఏమీ వినబడలేదు. "చూస్తాను మేడమ్."

జూన్ 6, శుక్రవారం

ఇచ్చారు. నలుగురికీ. పేరులో ఒక అక్షరం తప్పు పడింది, దిద్ది మళ్ళీ పంపించాను.

జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. మాస్టారి మెసేజ్ పదకొండింటికి: వచ్చింది మేడమ్, తొమ్మిది బి సెక్షన్. నలుగురు వచ్చారు. ఐదో పిల్లాడు అన్నయ్యతో హైదరాబాద్‌లో ఉన్నాడట, ఇంకా రాలేదు. కనుక్కోమన్నాను.

బళ్ళో కంప్యూటర్ గది శనివారం మధ్యాహ్నాలు తీసి ఉంచుతానన్నాడు. పిల్లలు అక్కడ కూర్చుంటారు, నేను ఇక్కడి నుంచి చెప్తాను. ఫోన్ ఎవరిదీ అడగక్కర్లేదు. వచ్చే వేసవి సెలవుల్లో కూడా ఆ గది తాళం తీయించమని హెడ్మాస్టర్ గారికి ఉత్తరం రాశాను. క్యాంపు కన్నా ముందు కావాల్సింది పగలంతా పిల్లలు ఉండటానికి ఒక చోటు.

క్యాంపు వాళ్ళకీ రాసి పంపాను. వచ్చే ఏడు రాత్రి బ్యాచ్ ఉండాలి, షీటులో దానికి కాలమ్ ఉండాలి, ఫోన్లో తెరుచుకోని పాఠం ఒక్కటీ ఉండకూడదు, సర్టిఫికెట్‌ని హాజరుతో ముడిపెట్టకూడదు. ఇవి కుదిరితేనే నేను చెప్తాను.